అమ్మ కంటి ఆపరేషన్: పాలసీ కోసం ఐదు నెలలు ఆగాలా, ఎఫ్‌డీ తీయాలా?

ప్రశ్న: మా అమ్మకు 66 ఏళ్లు, షుగర్ ఉంది. రెండు కళ్లలోనూ శుక్లాలు ఉన్నాయని, ముందు కుడి కంటికి ఆపరేషన్ చేయించమని డాక్టరు చెప్పారు. ఒక్కో కంటికి మోనోఫోకల్ లెన్సుతో రూ.36 వేలు, మల్టీఫోకల్‌తో రూ.92 వేలు అవుతుందట. అమ్మ పేరిట రూ.3 లక్షల ఆరోగ్య సంజీవని పాలసీ తీసుకుని 19 నెలలైంది. రూ.2 లక్షల ఎఫ్‌డీ కూడా ఉంది. దాన్ని తీసి ఇప్పుడే ఖరీదైన లెన్సు వేయించమంటారా? ఆ ఖర్చును నా పన్నులో చూపుకోవచ్చా?

జవాబు: ముందు పాలసీ సంగతి. ఆరోగ్య సంజీవనిలో శుక్లాల ఆపరేషన్‌కు 24 నెలల వెయిటింగ్ పీరియడ్ ఉంది. ఇవాళ చేయిస్తే ఒక్క రూపాయీ రాదు. ఐదు నెలలు ఆగొచ్చా లేదా అన్నది డాక్టరు తేల్చాలి. "ఆగితే కంటికి నష్టమా?" అని సూటిగా అడగండి. శుక్లం సాధారణంగా నెమ్మదిగా ముదురుతుంది. చుక్కల మందులతో కరగదు కాబట్టి ఆపరేషన్ ఎలాగూ తప్పదు, కానీ చాలామందికి అంత తొందర ఉండదు. మరీ ముదరనిస్తే మాత్రం లోపలి లెన్సు రాయిలా గట్టిపడి, చిన్న కోతతో శుక్లాన్ని ముక్కలు చేసి తీసే ఫేకో ఆపరేషన్ కష్టమవుతుంది. కన్ను ఎర్రబడి నొప్పి పుట్టినా, చూపు ఉన్నట్టుండి తగ్గినా పాలసీ లెక్కలు పక్కన పెట్టి అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇక్కడ చాలామంది చూసుకోని మెలిక ఒకటుంది. పాలసీ తీసుకోకముందు డాక్టరు రాసిన చీటీలో ఎక్కడైనా శుక్లం అని ఉంటే, దాన్ని ముందునుంచీ ఉన్న జబ్బుగా లెక్కించొచ్చు. అలాంటి జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ 36 నెలల దాకా ఉండొచ్చు. రెండు గడువులూ వర్తించేటప్పుడు ఏది ఎక్కువో అదే లెక్క. శుక్లం షుగర్ వల్లే వచ్చిందని కంపెనీ అదే వాదన తెచ్చే వీలూ ఉంది. షుగర్ సంగతి పాలసీ కొన్నప్పుడు నింపిన ప్రపోజల్ ఫారంలో రాశారో లేదో చూసి, శుక్లానికి ఏ తేదీ నుంచి క్లెయిమ్ ఇస్తారో కంపెనీకి ఈమెయిల్ పెట్టి జవాబు తెప్పించుకోండి. ఫోనులో చెప్పిన మాట రేపు పనికిరాదు. జబ్బు ఎప్పటి నుంచి ఉందన్న వివరాన్ని చీటీలో మార్చి రాయించే ఆలోచన అసలు వద్దు. బయటపడితే క్లెయిమే కాదు, పాలసీ కూడా పోతుంది.

ఏటా ప్రీమియం కడుతున్నట్లయితే 24 నెలలు నిండే రోజే మీ రెన్యువల్ రోజు కూడా. గడువుకు ముందే కట్టేయండి. పాలసీ తెగిపోయి కొత్తది తీసుకుంటే లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

పాలసీ ఎంతిస్తుందంటే, కంటికి బీమా మొత్తంలో 25 శాతం లేదా రూ.40 వేలు, ఏది తక్కువైతే అది. మీ విషయంలో రూ.40 వేలు. ఇలా తేలిన క్లెయిమ్ మొత్తంలో 5 శాతం కో-పేగా మీరు భరించాలి. రూ.36 వేల లెన్సు ప్యాకేజీకి రూ.34,200 వరకు వస్తుంది, మీ వాటా రూ.1,800. రూ.92 వేల దానికి మహా అయితే రూ.38 వేలు వస్తుంది, మీరు కట్టాల్సింది రూ.54 వేలు. రెండు కళ్లకు రూ.1.08 లక్షలు. ఎఫ్‌డీలో సగానికి పైగా కరిగిపోతుంది.

ఆ సొమ్ముకు తగ్గ ఫలితం ఉందా అంటే, షుగర్ ఉన్నవారి విషయంలో నాకు అనుమానమే. మోనోఫోకల్ ఒక్క దూరానికే స్పష్టత ఇస్తుంది. సాధారణంగా దూరపు చూపుకు అమరుస్తారు కాబట్టి పేపరు చదవడానికి, సూదిలో దారం ఎక్కించడానికి కళ్లద్దాలు కావాలి. మల్టీఫోకల్‌తో అద్దాల అవసరం బాగా తగ్గుతుంది. కానీ లోపలికి వచ్చే వెలుతురును అది పంచుతుంది, అందుకే రాత్రి దీపాల చుట్టూ వలయాలు కనిపించొచ్చు, మసక వెలుతురులో స్పష్టత తగ్గొచ్చు. షుగర్ వల్ల రెటీనా దెబ్బతిని ఉంటే మల్టీఫోకల్ సాధారణంగా వద్దంటారు. కాబట్టి ముందు రెటీనా పరీక్ష, తర్వాతే లెన్సు మాట. ఒకసారి వేశాక మార్చడం తేలిక కాదు. కంటిలో సిలిండర్ పవర్ బాగా ఉంటే, దాన్ని సరిచేసే టోరిక్ లెన్సు గురించి అడగండి, దానికి పెట్టే అదనపు ఖర్చుకు అర్థముంది. లేజర్‌తో కోత పెట్టే ఫెమ్టో ప్యాకేజీకి మాత్రం, మామూలు కేసుల్లో, నేనైతే డబ్బు పెట్టను. ఫేకోతో పోలిస్తే చూపులో చెప్పుకోదగ్గ తేడా అధ్యయనాల్లో తేలలేదు.

డాక్టరు ఆగొద్దంటే మోనోఫోకల్‌తో కుడి కన్ను ఇప్పుడే చేయించి, ఎడమ కన్ను పాలసీ గడువు దాటాక పెట్టుకోండి. రూ.36 వేల కోసం ఎఫ్‌డీ మొత్తం రద్దు చేయకండి. దాని మీద అప్పు తీసుకుంటే ఎఫ్‌డీ వడ్డీ కంటే ఒకటి రెండు శాతమే ఎక్కువ పడుతుంది. ఆ ఖర్చూ భారమనుకుంటే పెదకాకాని శంకర, తిరుపతి అరవింద్, హైదరాబాద్ ఎల్‌వీ ప్రసాద్ లాంటి సంస్థల్లో రేటు అడిగి చూడండి. స్తోమత లేనివారికి వాటిలో ఉచితంగా కూడా చేస్తారు.

పన్ను విషయంలో నిరాశే. తల్లిదండ్రుల వైద్య ఖర్చుకు పన్ను మినహాయింపు, వారు ఆరోగ్య బీమా లేని సీనియర్ సిటిజన్లయితేనే. అమ్మకు పాలసీ ఉంది కనుక ఆపరేషన్ ఖర్చు చూపలేరు. మీరు కట్టే ప్రీమియాన్ని మాత్రం, నగదుగా కట్టకపోతే, పాత పన్ను విధానంలో రూ.50 వేల వరకు చూపుకోవచ్చు.

క్లెయిమ్‌కు వెళ్లేటప్పుడు కనీసం 48 గంటల ముందు కంపెనీకి తెలియజేయండి. లెన్సు కొలత రిపోర్టు, డిశ్చార్జి సమ్మరీ, లెన్సు బిల్లు, లెన్సు పెట్టె మీది స్టిక్కరు దాచండి. స్టిక్కరు లేకపోతే ఏ లెన్సు వేశారో రుజువు లేదని ఫైలు వెనక్కి రావొచ్చు. ఆసుపత్రిలో అడిగి దాన్ని అంటించి ఇప్పించుకోండి.