ముందు షోలవరం వెళ్లి రండి

ప్రశ్న: నాకు 48 ఏళ్లు, నెల్లూరులో బ్యాంకు ఉద్యోగం. మా నాయనకి 74. నాయుడుపేటలో నలభై ఏళ్లు మెకానిక్ షెడ్డు నడిపాడు. అమ్మ పోయాక మూడేళ్ల నుంచి మా దగ్గరే ఉంటున్నాడు. మా బాబుకి పన్నెండేళ్లు, బైకులంటే పిచ్చి. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో బైక్ రేసులు జరుగుతాయి కదా, ఒక శని, ఆదివారం వాడిని తీసుకెళ్దామని ప్లాన్ వేశాను. మేమిద్దరమే, తండ్రీ కొడుకులం. వాడు వెంటనే "తాత కూడా వస్తాడు కదా" అన్నాడు. నాయనకి మోకాళ్ల నొప్పులు, ఆ ఎండలో కూర్చోలేడు. టికెట్లు రెండే దొరికాయని చెబుదామనుకుంటున్నాను. బాబుని కూడా అలాగే చెప్పమన్నాను. నా భార్య మాత్రం "మామయ్యని వదిలేసి వెళ్తే బాగుండదు" అంటోంది.

నా చిన్నప్పుడు నాయన ఏటా స్నేహితులతో షోలవరం రేసులకు వెళ్లేవాడు. పదేళ్లప్పుడు నేనూ వస్తానని ఏడిస్తే "నీకెందుకురా ఆడ, ఎండకి పడిపోతావ్, చదువుకో పో" అన్నాడు. షెడ్డులో స్పానర్ కూడా ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఇప్పుడు నేను బ్యాంకు నుంచి వచ్చేసరికి వరండాలో కూర్చుని మనవడికి స్పార్క్ ప్లగ్ శుభ్రం చేయడం నేర్పిస్తుంటాడు. ఎమరీ పేపరుతో గీకి, ఉఫ్‌మని ఊది, వాడి అరచేతిలో పెడతాడు. నేను బ్యాగు కింద పెట్టకుండా గుమ్మంలోనే నిలబడి కాసేపు చూసి లోపలికి పోతాను. నాయన నొచ్చుకోకుండా రావద్దని ఎలా చెప్పాలి? పన్నెండేళ్ల పిల్లాడికి ఆ శబ్దం, ఆ వేగం మంచిదేనా? రైల్లో వెళ్లాలా, కార్లోనా?

జవాబు: కార్లో వెళ్లండి. రేసు చూసినంత మాత్రాన పన్నెండేళ్ల పిల్లాడు చెడిపోడు. చెవులకి ఇయర్‌ప్లగ్స్ కొనివ్వండి, సరిపోతుంది. ఇక నాయన నొచ్చుకోకుండా ఎలా చెప్పాలన్న దానికి నా దగ్గర ఉపాయం లేదు. ఉన్నా మీకు చెప్పను.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి బాబు గురించి రాశారనుకున్నాను. రెండోసారి చూస్తే బాబు గురించి ఉన్నవి నాలుగు ముక్కలు. వాడికి ఏ బైకు ఇష్టమో, రేసు గురించి మీతో ఏం మాట్లాడతాడో ఎక్కడా లేదు. మిగతా ఉత్తరమంతా మీ నాయనే. 38 ఏళ్ల కిందట ఆయన అన్న మాట అక్షరం పోకుండా రాశారు. "చదువుకో పో" తో సహా.

ఒక్క సంగతి గమనించండి. ఆ రోజు మిమ్మల్ని ఆపడానికి ఆయన ఎండ అన్నారు. ఈ రోజు ఆయన్ని ఆపడానికి మీరూ ఎండే అంటున్నారు. మోకాళ్ల నొప్పులున్న మనిషికి ఒక మడత కుర్చీ, ఒక గొడుగు, కాసేపటికోసారి నీళ్లు ఉంటే చాలు. అది మీకు తెలియక కాదు.

ఎండ సాకు కన్నా నాకు ఎక్కువ బాధ కలిగించింది, బాబుని కూడా అలాగే చెప్పమనడం. వాడు రోజూ సాయంత్రం ఆయన పక్కన కూర్చుంటాడు, బయల్దేరే ముందు రోజు కూడా కూర్చుంటాడు. "నన్నెందుకు తీసుకెళ్లట్లేదు" అని ఆయన అడగరు, ఆ తరం వాళ్లు అడగరు. "బాగా చూసి రారా, వచ్చాక నాకు చెప్పు" అంటారు. అప్పుడు ఆ పిల్లాడు ఏ మొహం పెట్టుకుని ఆయన వైపు చూడాలి? రెండు రోజులు రేసు చూస్తున్నంతసేపూ వాడి మనసులో మెదిలేది అదే. మీకూ మీ నాయనకీ మధ్య ఉన్నదాన్ని తెచ్చి వాడి నెత్తిన పెట్టకండి. ఈ రాత్రే వాడిని పిలిచి, "తాతకి అలా చెప్పొద్దు నాన్నా, నేను తప్పు చెప్పాను" అనండి. పిల్లాడి ముందు తప్పు ఒప్పుకుంటే మీ గౌరవమేమీ తగ్గదు.

ఇప్పుడు షోలవరం సంగతి. మీరు ఎన్నోసార్లు దాని పక్క నుంచే చెన్నై వెళ్లుంటారు. నెల్లూరు వైపు నుంచి వెళ్తే రెడ్ హిల్స్‌కి కాస్త ముందు వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే అక్కడ ఉంది. 1953లో పెట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్లు ఆ రన్‌వే మీదే ఏళ్ల తరబడి కార్ల రేసులూ బైకుల రేసులూ నడిపారు. 1990లో ఇరుంగాట్టుకోట్టైలో అసలైన ట్రాక్ తయారయ్యాక రేసులన్నీ అక్కడికి మారాయి. లెక్క వేసి చూడండి. మీరు ఏడ్చి అడిగిన నాటికి షోలవరం రేసులకి మిగిలింది రెండు మూడేళ్లే. మీకు పదమూడేళ్లు వచ్చేసరికి అక్కడ చూడటానికి ఏమీ లేదు. మీ నాయన "వచ్చే ఏడు చూద్దాంలే" అని మనసులో అనుకున్నా, ఆ వచ్చే ఏడు రానే లేదు. ఇంతకాలం మీకు ఆ బాధ ఎందుకు పచ్చిగా ఉందో నాకు అర్థమవుతోంది.

నాయుడుపేటలో షెడ్డు పెట్టుకున్న మనిషికి ఏడాదంతా పనే. ఎవరి బండో ఆగిపోతుంది, అర్ధరాత్రి తలుపు కొడతారు. బాకీలు వసూలు కావు. గోళ్ల సందుల్లో గ్రీజు అన్నం తినేటప్పుడు కూడా పోదు. అలాంటి మనిషి కొడుకు చేతికి స్పానర్ ఇవ్వడానికి భయపడతాడు. ఒకసారి రుచి మరిగితే వీడూ ఈ షెడ్డులోనే ఉండిపోతాడని భయం. అప్పటి మెకానిక్కుల్లో, లారీ డ్రైవర్లలో ఈ భయం లేని తండ్రిని నేను చూడలేదు. మీరు బ్యాంకులో కుర్చీ మీద కూర్చోవడం ఆయన కోరుకున్నదే, ఆయన కష్టపడిందీ దానికే.

అంత మాత్రాన ఆయన చేసింది ఒప్పని నేను అనను. కొడుకు చదువుకోవాలంటే ఏడాదికి ఒక్క ఆదివారం కూడా వెంట తీసుకెళ్లకూడదా? ఆ ఒక్క రోజుతో మీ చదువు చెడేది కాదు. ఆయన తప్పు చేశారు, తండ్రి అయినంత మాత్రాన అది తప్పు కాకుండా పోదు. పెద్దవాళ్లని గౌరవించాలంటే మనకు తగిలిన దెబ్బ తగల్లేదని నటించాలని కొందరు చెబుతారు. నేను ఒప్పుకోను. అయితే 74 ఏళ్ల మనిషికి, ఫలానా తప్పుకని చెప్పకుండా, టికెట్లు దొరకలేదన్న నెపంతో శిక్ష వేయడం కూడా నాకు ససేమిరా నచ్చదు. ఆయనకు ఏమీ అర్థం కాదు. మీ కడుపు మంట కూడా చల్లారదు.

మనవడికి ప్లగ్ నేర్పిస్తున్నారని మీరు గుమ్మంలో నిలబడి చూసి వెళ్లిపోవడం గురించి కూడా చెప్పాలి. అది అసూయే. కన్నకొడుకు మీద అసూయ ఏమిటని సిగ్గుపడకండి. నా దగ్గరికి వచ్చిన చాలామంది తండ్రులు ఈ మాట చెప్పలేక చెప్పారు. నాన్న నా పిల్లలతో ఆడుకుంటుంటే సంతోషంగానే ఉంటుంది, లోపల మాత్రం ఎక్కడో గుచ్చుకుంటుంది అని. ఆయన మీకు ఇవ్వకుండా దాచుకున్న ప్రేమ కాదది. షెడ్డు మూసేశారు, అప్పులు తీరాయి, మనవడు చదివితే చదివించాల్సింది మీరు. భయమంతా మీకు అప్పజెప్పి ఆయన తేలికపడ్డారు. ఆ తేలికైన మనిషి మీకు చిన్నప్పుడు దొరకలేదు.

మన దేశం నుంచి ఫార్ములా వన్ రేసుల్లో దిగినవాళ్లు ఇప్పటికి ఇద్దరే, నరేన్ కార్తికేయన్, కరుణ్ చందోక్. నరేన్ తండ్రి ర్యాలీ డ్రైవర్. కరుణ్ తాత ఇందు చందోక్, నేను పైన చెప్పిన మద్రాసు క్లబ్బును పెట్టినవాళ్లలో ఒకరు. తండ్రి విక్కీ కూడా రేసుల్లో పోటీ పడ్డారు. ఈ పిచ్చి ఇళ్లలో ఒకరి నుంచి ఒకరికి అలా వస్తుంది. మీ ఇంట్లోనూ వచ్చింది, కాకపోతే మధ్యలో మిమ్మల్ని దాటేసి మనవడి దగ్గరికి పోయింది. మీకు కావాల్సిన తండ్రీ కొడుకుల ప్రయాణం ఒకటి బాకీ ఉంది. అందులో కొడుకు మీరు.

కాబట్టి రేసుకి రెండు వారాల ముందు ఒక ఆదివారం ఆయన్ని ఒక్కరినే కార్లో ఎక్కించుకుని షోలవరం వెళ్లి రండి. బాబుని వద్దనండి. అలుగుతాడు, సాయంత్రానికి మర్చిపోతాడు. దారిలో నాయుడుపేటలో పాత షెడ్డు ఉన్న చోట ఒక ఐదు నిమిషాలు ఆపండి. సూళ్లూరుపేటలో టిఫిన్ చేయండి. తడ దాటాక ఆయనే దారి చెప్పడం మొదలుపెడతారు, చెప్పనివ్వండి, ఫోన్‌లో మ్యాప్ తీయకండి. షోలవరంలో రన్‌వే మీదికి వెళ్లాల్సిన అవసరం లేదు. రోడ్డు పక్కన ఏదో ఒక టీ కొట్టు దగ్గర ఆపి, "నాయనా, నువ్వు ఏడ నిలబడి చూసేవాడివి?" అని అడగండి. యెజ్డీలు, రాజ్‌దూత్‌లు, ఆర్‌డీ 350లు, ఎవరు ఏ మలుపులో పడ్డారో అన్నీ చెప్తారు. అడ్డు రాకండి. ఆయన చెప్పడం అయ్యాక ఒక్క మాట అనండి: "నన్నొక్కసారి తీసుకొచ్చుంటే బాగుండేది నాయనా." అంతే. కోపంగా వద్దు, రెండోసారి వద్దు, అమ్మ సంగతులు, పాత లెక్కలు తీయొద్దు.

ఆయన క్షమించమని అడుగుతారని ఎదురుచూడకండి. "అప్పుడేం తెలుసురా" అనొచ్చు. అటు తిరిగి టీ గ్లాసు కడిగించొచ్చు. కోప్పడినా కోప్పడొచ్చు. ఏదైనా సరే, మీరు అనాల్సింది అనేశారు, అది ఆయన చెవిన పడింది. ఆ మాట ఇన్నేళ్లూ మీ ఒక్కరి దగ్గరే ఉంది.

మీ ఆవిడ సగం నిజం చెప్పింది. "బాగుండదు" అన్నది నలుగురి కోసం. నలుగురి కోసమైతే ఆయన్ని తీసుకెళ్లకండి. వెనక సీట్లో కూర్చోబెట్టి రెండు రోజులు ముభావంగా తిప్పి తెచ్చే కన్నా ఇంట్లో టీవీ ముందు వదిలేయడమే మర్యాద. షోలవరం వెళ్లి వచ్చాక కూడా మీకు మనసొప్పకపోతే, "ఈసారి మేమిద్దరం వెళ్తాం నాయనా, ఇంకోసారి నిన్ను తీసుకెళ్తా" అని మొహాన్నే చెప్పండి. నొచ్చుకుంటారు. నొచ్చుకోనివ్వండి, అబద్ధం మాత్రం వద్దు. కానీ మీకు మనసొప్పుతుందనే నా నమ్మకం.

ముగ్గురూ వెళ్తే శ్రీపెరంబుదూర్‌లోనే ఉండండి, అక్కడి నుంచి ట్రాక్ దగ్గర. లిఫ్టు ఉన్న లాడ్జిలో ఒకే గది తీసుకోండి. నెల్లూరు నుంచి వెళ్తే చెన్నై ఊళ్లోకి దిగక్కర్లేదు, రెడ్ హిల్స్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు పట్టుకుంటే బెంగళూరు హైవే మీదికి చేరతారు. ట్రాక్ చుట్టు కొలత దాదాపు 3.7 కిలోమీటర్లు, ఒక్కచోట కూర్చుంటే మొత్తం కనపడదు. బైకులు సిద్ధం చేసే ప్యాడాక్ వైపు వెళ్లనిస్తారేమో నిర్వాహకులను అడగండి. మీ నాయన చూడాల్సింది రేసు కన్నా ఆ మెకానిక్కుల చేతులు. ఆయన అక్కడ ఉన్న సమయంలో ఒక గంట మీరూ బాబూ వేరే మలుపు దగ్గరికి నడిచి వెళ్లండి. ఆ గంట వాడితో మీది. మీకు బైకుల గురించి ఏమీ తెలియదు కదా, అదే మంచిది. ఏ బండి ఎందుకు ముందుకెళ్తోందో వాడి చేత చెప్పించుకోండి.

ఇయర్‌ప్లగ్స్ మూడు జతలు కొనండి. నలభై ఏళ్లు షెడ్డులో ఉన్నాను నాకెందుకని మీ నాయన అంటారు. ఆయన జత మీ జేబులో ఉంచుకోండి.