బిల్డ్ పేరులో బ్రాంచ్ పేరు ఎందుకు?

ప్రశ్న: కోడ్ రివ్యూకి వచ్చే ప్రతి మార్పుకీ మా దగ్గర ఆటోమేటిక్‌గా బిల్డ్ (కోడ్‌ని కూర్చి పరీక్షించే పని) నడుస్తుంది. జాబితాలో అన్నిటికీ ఒకే పేరు, ఏది ఎవరిదో తెలియడం లేదు. మార్పు టైటిల్, బ్రాంచ్ (మార్పు రాసుకునే విడి కాపీ) పేరు కలిపి జాబ్‌కి పేరు పెట్టొచ్చా?

జవాబు: వద్దు. ఈ ప్రశ్న రకరకాలుగా వస్తూనే ఉంది, అడిగేవాళ్లందరూ ఈ రెండిటి మీదే పడుతున్నారు.

జాబ్ అంటే మళ్లీ మళ్లీ నడిచే పని, రన్ అంటే అది ఒక్కసారి నడవడం. జాబ్ పేరు వేరు, ఒక్కో రన్‌కి తెర మీద కనిపించే పేరు వేరు. జాబ్ పేరు ఎప్పటికీ ఒకటే ఉండాలి. బిల్డ్‌లు నడిపే టూల్ జెంకిన్స్‌లో మామూలుగా ఆ పేరుతోనే వర్క్‌స్పేస్ (బిల్డ్ పని జరిగే) ఫోల్డర్ తయారవుతుంది, అందులో ఖాళీలుంటే సగం స్క్రిప్టులు అక్కడే పడిపోతాయి. కోడ్ ఉంచుకునే సైటు గిట్‌హబ్‌లోనైతే మెర్జ్‌కి (మార్పుని అసలు కోడ్‌లో కలపడానికి) తప్పనిసరి అన్న చెక్‌ని పేరుతోనే పోలుస్తారు కాబట్టి, పేరు మార్చారంటే ఆ పాత పేరు కోసం ఎదురుచూస్తూ మెర్జ్ ఆగిపోతుంది. రన్ పేరులో మాత్రం మార్పు నంబరు, ప్యాచ్‌సెట్ (ఆ మార్పుకి పంపిన ఒక్కో వెర్షన్) నంబరు రెండూ పెట్టండి. కోడ్ రివ్యూ టూల్ గెరిట్‌లో 4217వ మార్పు, మూడో ప్యాచ్‌సెట్ అయితే 4217-3, అంతే. రెండోది వదిలేస్తే నిన్న పాసైన బిల్డ్ చూసి ఇవాళ్టి కోడ్‌కి ఓకే చెప్పేస్తారు.

నాకు అసలు టెన్షన్ బ్రాంచ్ పేరుతోనే. అది బయటివాళ్లు రాసి పంపేది. కోడ్ మార్పుల లెక్క ఉంచే టూల్ గిట్ బ్రాంచ్ పేరులో ఖాళీ ఒప్పుకోదు గానీ డాలర్ గుర్తు, గుండ్రటి బ్రాకెట్లు, సెమికోలన్ అన్నీ ఒప్పుకుంటుంది, అంటే ఒక షెల్ కమాండ్ (కంప్యూటర్‌కి ఇచ్చే ఆదేశం) అందులో దర్జాగా ఇమిడిపోతుంది. మీ స్క్రిప్టు దాన్ని నేరుగా కమాండ్‌లో అతికిస్తే మీ సర్వర్ మీద, మీ టోకెన్లు (రహస్య కీలు) అందుబాటులో ఉండగా, వాళ్ల కమాండ్ నడుస్తుంది. 2024 డిసెంబర్‌లో అల్ట్రాలిటిక్స్ అనే ఏఐ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు మీద దాడి బ్రాంచ్ పేరు దారిలోనే జరిగింది, చివరికి పైపీఐలో (పైథాన్ ప్యాకేజీలు దొరికే చోటు) ఉన్న ప్యాకేజీలోకే క్రిప్టో మైనర్ (ఇతరుల కంప్యూటర్‌తో క్రిప్టో కరెన్సీ సంపాదించే ప్రోగ్రాం) చేరింది. బ్రాంచ్ పేరు వాడక తప్పదంటే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో (స్క్రిప్టుకి బయటినుంచి విలువ అందించే పేరు) పెట్టి, డబుల్ కోట్స్ మధ్య వాడండి. బయటినుంచి వచ్చిన మార్పుల బిల్డ్‌కి రహస్య కీలు అసలు ఇవ్వకండి.

ఇంకోటి, ఈ టూల్స్ తయారుచేసేవాళ్ల మీద నాకు నిజంగా కోపం. రన్‌కి మార్పు నంబరు వాళ్లే పెట్టి ఇవ్వొచ్చుగా? ఎక్కువ టూల్స్‌లో ముందుగా ఉండేది ఒక వరస సంఖ్య, దాంతో రివ్యూ చేసేవాడికి తెలిసేదేమీ లేదు. బయటివాళ్ల రాతని కమాండ్‌లో అతికించేటప్పుడు ఒక్క హెచ్చరిక కూడా చూపించకుండా సేవ్ చేసుకోనిచ్చే ఎడిటర్లు ఇంకా ఎన్నో ఉన్నాయి, దాన్ని ఆపాల్సింది మొదట వాళ్లే.