లా సందేహాలు: ఇండియన్ ఎడిషన్ పుస్తకం అమెరికాలో అమ్మితే కేసవుతుందా?

ప్రశ్న: నమస్తే సార్. డల్లాస్‌లో ఎంఎస్ చేస్తున్నా. వచ్చేటప్పుడు కోఠీలో కొన్న ఇండియన్ ఎడిషన్ టెక్స్ట్‌బుక్స్ తెచ్చుకున్నా, ఇక్కడ అదే పుస్తకం రేటు చూస్తే కళ్లు తిరుగుతున్నాయి. సెమిస్టర్ అయ్యాక జూనియర్లకి అమ్మేద్దామంటే అట్ట మీద ఇండియా, నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంకలో మాత్రమే అమ్మాలి అని ఉంది. ఏమన్నా అవుతుందా? మా తమ్ముడి చేత ఇంకో పాతిక కొనిపించి తెప్పిస్తేనో? (పేరు వద్దన్నారు)

జవాబు: మీరు చదివేసినవి నిశ్చింతగా అమ్ముకోండి. ఇదే పని మీకంటే చాలా పెద్ద ఎత్తున చేసినాయన ఒకడున్నాడు, సుపాప్ కిర్త్‌సెంగ్ అని థాయ్‌లాండ్ నుంచి అమెరికా వెళ్లిన స్టూడెంట్, ఇంట్లోవాళ్లతో ఫ్రెండ్స్‌తో థాయ్‌లాండ్ షాపుల్లో చవక ఎడిషన్లు కొనిపించి పోస్టులో తెప్పించుకుని ఈబేలో పెట్టి అమ్మేవాడు. ఆ పుస్తకాల పబ్లిషర్ జాన్ వైలీ కంపెనీ కోర్టుకెళ్తే జ్యూరీ 8 పుస్తకాలకి ఒక్కోదానికి 75 వేల చొప్పున 6 లక్షల డాలర్లు కట్టమంది! కానీ 2013 మార్చిలో అమెరికా సుప్రీంకోర్టు 6-3 మెజారిటీతో కిర్త్‌సెంగ్ వైపే నిలబడింది, పుస్తకం ఏ దేశంలో ప్రింటయిందన్నది కాదు, పర్మిషన్‌తో ప్రింటయిందా లేదా అన్నదే చూడాలంది, ఒకసారి అమ్మేశాక ఆ కాపీ కొన్నవాడి ఇష్టం. అట్ట మీది ఆ లైన్ చూసి అక్కడ భయపడక్కర్లేదు. ఫుట్‌పాత్ మీద దొరికే పైరసీ కాపీలకి మాత్రం ఇదేదీ వర్తించదు.

ఇక తమ్ముడి సంగతి. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు, అమెరికాలో తప్పు కాదంటే ఇండియాలోనూ కాదనుకుంటారు. అదే వైలీ కంపెనీ ఇక్కడి చవక ఎడిషన్లు ఆన్‌లైన్‌లో విదేశాలకి అమ్ముతున్న వాళ్ల మీద ఢిల్లీ హైకోర్టుకెళ్తే 2010లో ఇంజంక్షన్ (అమ్మకం ఆపమనే ఆర్డర్) వచ్చింది, ఇండియాలో లైసెన్స్ ఉన్నవాడు అమ్మినంత మాత్రాన అసలు ఓనరు హక్కు తీరిపోదు, ఏరియా దాటించి అమ్మడం ఉల్లంఘనే అని. మన కాపీరైట్ చట్టం 14వ సెక్షన్‌లోనేమో ఒకసారి అమ్ముడైన కాపీ సర్క్యులేషన్‌లో ఉన్నట్టే (అంటే ఆ కాపీ అమ్మకం మీద ఓనరుకి ఇక పట్టు లేనట్టే) అని స్పష్టంగా రాసుంది, అది ఉండగా ఆ తీర్పు నాకైతే మింగుడుపడదు. ఈ గొడవ తేల్చడానికి సవరణ బిల్లులో ఒక క్లాజ్ పెట్టారు కూడా, తీరా 2012లో చట్టం పాసయ్యేసరికి దాన్ని ఎత్తేశారు. అందుకని అమ్మకానికి పాతిక పుస్తకాల పార్సిల్ పంపితే రిస్కు మీది కాదు, పంపే తమ్ముడిది. ఆయన్ని ఇందులోకి లాగకండి.

ప్రశ్న: విజయవాడలో మాకు ప్రింటర్ల షాపు ఉందండీ. ఒరిజినల్ టోనర్ కాట్రిడ్జ్‌లు సింగపూర్‌లో చవగ్గా వస్తున్నాయి. తెచ్చి అమ్మొచ్చా?

జవాబు: ఒరిజినలే అయితే పేటెంట్ గొడవ పెద్దగా ఉండదు, చట్టప్రకారం తయారుచేసి అమ్మే హక్కున్న వాళ్ల దగ్గర కొని దిగుమతి చేసుకుంటే ఉల్లంఘన కాదని మన పేటెంట్ల చట్టం 107ఎ సెక్షనే చెప్తోంది. అమెరికాలో లెక్స్‌మార్క్ కంపెనీ, డిస్కౌంట్ ఇచ్చాం కాబట్టి ఖాళీ కాట్రిడ్జ్ మాకే తిరిగివ్వాలి అని షరతు పెట్టి, అవి కొని రీఫిల్ చేసి అమ్మే వాళ్ల మీద, విదేశాల్లో అమ్మినవి తెచ్చుకున్నా సరే, పేటెంట్ కేసు వేసింది. 2017లో అక్కడి సుప్రీంకోర్టు, దేశంలోగానీ బయటగానీ అమ్మేశాక పేటెంట్ హక్కు ఇంకెక్కడిది అంది, షరతు తప్పితే కాంట్రాక్ట్ కింద తేల్చుకోవాలి తప్ప.

మీకు అసలు పనికొచ్చేది 2012 ఢిల్లీ హైకోర్టు తీర్పు, అది కూడా ప్రింటర్ల మీదే. శాంసంగ్ ప్రింటర్లు బయటనుంచి తెచ్చి అమ్మేవాళ్లని ఆపక్కర్లేదంది, కాకపోతే షాపులో కనపడేలా బోర్డు పెట్టాలి, ఇది ఇంపోర్టెడ్ సరుకు, వారంటీ శాంసంగ్‌ది కాదు మాది అని. మీరూ అలాంటి బోర్డు రాయించండి, బిల్లు మీద కూడా ఓ ముక్క వేయండి. కస్టమ్స్ డ్యూటీ సంగతి మీ ఆడిటర్‌ని అడగండి.

ప్రశ్న: చదివేసిన ఈ-బుక్ అమ్ముకోవచ్చా?

జవాబు: కుదరదండీ. ఫైల్ పంపడమంటే కొత్త కాపీ తయారుచేయడమే అని అమెరికాలో 2018లో రీడిజి అనే కంపెనీ కేసులో అప్పీల్ కోర్టు చెప్పింది, అది పాటల ఫైళ్ల కేసు. పైగా చాలా స్టోర్ల షరతులు చదివితే మీరు కొన్నది పుస్తకం కాదు, చదువుకునే లైసెన్స్ మాత్రమే.