జీఎస్టీ, యూపీఐ లెక్కలు ఉండగా ఇంటింటి సర్వేలు ఇంకా ఎందుకు?

ప్రశ్న క్లుప్తంగా ఇది: "ప్రతి బిల్లూ జీఎస్టీలో, ప్రతి చెల్లింపూ యూపీఐలో నమోదవుతున్నాయి. అయినా కేంద్ర గణాంక శాఖ మనుషుల్ని ఇంటింటికీ, కొట్టుకొట్టుకీ ఎందుకు పంపుతోంది? వాళ్ల చేతికి ట్యాబులిచ్చి, పన్ను డేటా కలిపేస్తే జీడీపీ, ద్రవ్యోల్బణం లెక్కలు ఆధునికమైనట్టే కదా?"

ట్యాబులు వచ్చి చాలా కాలమైంది. జాతీయ నమూనా సర్వేలు ఇప్పుడు కాగితం షెడ్యూళ్ల మీద కాకుండా ఈ-సిగ్మా అనే డిజిటల్ వేదిక మీద జరుగుతున్నాయి. పన్ను డేటా కూడా లెక్కల్లోకి వస్తోంది. కానీ అసలు కష్టం వేరేచోట ఉంది. ఏ సంస్థను ఏ కోడ్ కింద వేయాలి, నమూనా ఏ జాబితా నుంచి తీయాలి, రూపాయల్లో వచ్చిన అంకెలోంచి ధరల పెరుగుదలను ఎలా తీసేయాలి? ఈ మూడూ సరిగ్గా లేకపోతే ఎంత డేటా పోసినా తప్పు అంకె త్వరగా వస్తుందే తప్ప సరైన అంకె రాదు.

ముందు జీఎస్టీ సంగతి. రిజిస్ట్రేషన్ పరిమితి చాలా రాష్ట్రాల్లో సరుకులకు ఏడాదికి 40 లక్షల టర్నోవర్, సేవలకు 20 లక్షలు. అంతకన్నా చిన్న కొట్టు, టిఫిన్ బండి, టైలరు, సొంత ఆటో నడుపుకునే మనిషి అందులో కనబడరు. పెట్రోలు, డీజిల్, విమాన ఇంధనం, ముడిచమురు, సహజవాయువు, తాగే మద్యం ఇంకా జీఎస్టీ బయటే ఉన్నాయి. తాజా కూరగాయల మీద పన్నే లేదు. చిన్న వ్యాపారుల కోసం ఉన్న కాంపొజిషన్ పథకంలో చేరినవాళ్లు మూడు నెలలకోసారి మొత్తం టర్నోవర్ మీద పన్ను కడతారు. ఏ సరుకు ఎంత అమ్మారన్నది అక్కడ తెలియదు.

ఉన్న డేటా కూడా నేరుగా వాడుకునేట్టు ఉండదు. జీఎస్టీ చూసేది అమ్మకం, జీడీపీకి కావాల్సింది ఉత్పత్తి. మార్చిలో తయారై గోదాములో ఉండి మేలో అమ్ముడైన సరుకు ఒక ఆర్థిక సంవత్సరంలో ఉత్పత్తి, మరో ఏడాదిలో అమ్మకం. నిల్వల మార్పు తెలియకుండా ఆ తేడా సరిచేయలేం. హైదరాబాద్ ఫ్యాక్టరీ నుంచి అదే కంపెనీ విజయవాడ డిపోకి సరుకు పంపినా రాష్ట్రం మారింది కాబట్టి ఇన్‌వాయిస్ వేయాలి, పన్ను కట్టాలి. తర్వాత డిపో అమ్మినప్పుడు ఇంకో ఇన్‌వాయిస్. టర్నోవర్లు కూడుకుంటూ పోతే ఒకే సరుకు రెండుసార్లు లెక్కకొస్తుంది. ఒకే పాన్ కింద ఉన్న రిజిస్ట్రేషన్ల మధ్య బదిలీలను ముందుగా వేరుచేయాలి.

పన్ను వసూళ్ల అంకె చూసి ఆర్థిక వ్యవస్థ పరుగెడుతోందనో పడిపోతోందనో అనడం ఇంకా ప్రమాదం. 2025 సెప్టెంబర్ 22న 12, 28 శాతం శ్లాబుల్లోని చాలా సరుకులను 5, 18 శాతంలోకి తెచ్చారు. అదే అమ్మకాల మీద వచ్చే పన్ను తగ్గుతుంది, వ్యాపారం మాత్రం తగ్గలేదు. అందుకే వసూళ్లు పక్కనపెట్టి పన్ను విధించదగిన విలువ తీసుకోవాలి. రిటర్ను గడువు పొడిగించిన నెలల్లో ఆలస్యంగా వచ్చినవాటి కోసం ఆగాలి, లేదా పాత నెలల సరళిని బట్టి సర్దుబాటు చేయాలి.

యూపీఐ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. అన్న తమ్ముడికి పంపిన డబ్బు, స్నేహితుడికి తీర్చిన అప్పు, ఇంటద్దె, కిరాణా బిల్లు అన్నీ బదిలీలే. చిన్న కొట్లలో యజమాని సొంత ఖాతా క్యూఆరే గోడకు అంటించి ఉంటుంది. అమ్మకం ఏది, ఇంటి వ్యవహారం ఏది అన్నది ఆ డేటా నుంచి పూర్తిగా విడదీయలేం.

అయితే జీఎస్టీ అద్భుతంగా పనికొచ్చే చోటు ఒకటుంది, దాని గురించి తక్కువ మాట్లాడతారు. 2011-12 ఆధార సంవత్సరంతో (అంటే ఆ ఏడాది ధరలను పోలికకు మూలంగా తీసుకుని) వచ్చిన జీడీపీ శ్రేణిలో కంపెనీల లెక్క కంపెనీ వ్యవహారాల శాఖ డేటా నుంచి తీసుకున్నారు. అది కంపెనీ మొత్తానికి ఒకటే లెక్క, ఏ రాష్ట్రంలో ఎంతన్నది అందులో ఉండదు. కాబట్టి రాష్ట్ర స్థూల ఉత్పత్తి వేసేటప్పుడు వేరే సూచికలతో పంచాలి. జీఎస్టీ నంబరు 15 అక్షరాలు. మొదటి రెండు రాష్ట్రం కోడ్ (తెలంగాణ 36, ఆంధ్రప్రదేశ్ 37), తర్వాతి పది పాన్. ఆ పాన్ పట్టుకుంటే కంపెనీ రికార్డూ, పన్ను రికార్డూ, పరిశ్రమల వార్షిక సర్వేలో ఉన్న ఫ్యాక్టరీ రికార్డూ ఒకదానికొకటి ముడిపడతాయి. రాష్ట్రాల అర్థగణాంక శాఖలకు ఇంతకన్నా విలువైన ఆధునికీకరణ ఇంకోటి లేదని గట్టిగా అనుకుంటాను.

ముడి వేయడం మాత్రం ఓపికతో కూడిన పని. పన్ను రికార్డులో హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ ఉంటుంది, అది సరుకును చెబుతుంది. జాతీయ పారిశ్రామిక వర్గీకరణ కోడ్ మాత్రం సంస్థ ఏ పని చేస్తుందో చెబుతుంది. సిమెంటు తయారుచేసేవాడూ, సిమెంటు అమ్మే డీలరూ ఒకే హెచ్‌ఎస్‌ఎన్ కింద వస్తారు, ఒకరు తయారీ రంగం, ఇంకొకరు వ్యాపారం. రిజిస్ట్రేషన్ రోజున రాసిన కార్యకలాపాన్ని ఏళ్లు గడిచినా చాలామంది మార్చరు. 2016-17లో సేవా సంస్థల మీద జరిగిన 74వ రౌండ్ సర్వే ఈ సంగతి బయటపెట్టింది. కంపెనీ శాఖ జాబితా పట్టుకుని వెళ్తే చెప్పుకోదగ్గ సంఖ్యలో కంపెనీలు చిరునామాలో దొరకలేదు, కొన్ని దొరికినా జాబితాలో రాసిన పని చేయడం లేదు. ఫీల్డుకు మనిషి వెళ్లాడు కాబట్టే ఇది తెలిసింది.

ఇక జీఎస్టీకి అందని చిన్న సంస్థలు. పాత శ్రేణిలో వీటికి 2010-11 సర్వే నాటి అంకెను పట్టుకుని ఏటా కొన్ని సూచికలతో ముందుకు జరుపుతూ వచ్చారు. పెద్ద కంపెనీలూ చిన్న కొట్లూ ఒకే దిశలో నడిచినంత కాలం ఇది చెల్లుతుంది. 2016 నవంబరులో నోట్ల రద్దు, 2017 జులైలో జీఎస్టీ, తర్వాత కోవిడ్ వచ్చాక వ్యాపారం చిన్నవాళ్ల చేతిలోంచి పెద్దవాళ్లకు మళ్లినచోట పెద్దవాళ్ల పెరుగుదలను చిన్నవాళ్లకూ అంటగడితే లెక్క రెండు వైపులా తప్పుతుంది. ఇన్‌కార్పొరేట్ కాని సంస్థల వార్షిక సర్వే ఇందుకే మొదలైంది. కొట్టు ముందు నిలబడి అడిగే మనిషి లేకుండా ఈ ఖాళీ నిండదు.

ట్యాబ్ దగ్గరికి వద్దాం. దాని అసలు లాభం అంకెల్ని మళ్లీ ఎక్కించే పని తప్పడం మాత్రమే కాదు, తప్పును ఇల్లు దాటకముందే పట్టుకోవచ్చు. ఆ పట్టుకునే నియమం రాసేవాడు ఫీల్డు ఎరగనివాడైతే మాత్రం నష్టమే ఎక్కువ. 2023 జులై టమాటా గుర్తుందా? నెల తిరిగేసరికి కిలో వంద దాటింది, ఆ నెల దేశ ద్రవ్యోల్బణం 7.44 శాతానికి ఎక్కింది. "పోయిన నెల కన్నా 50 శాతం మించితే తీసుకోవద్దు" అని యాప్‌లో గట్టి అడ్డు పెట్టారనుకోండి. మార్కెట్లో నిలబడిన మనిషికి ఫారం ముందుకు కదలదు, సాయంత్రంలోగా పంపాలి. యాప్ ఒప్పుకునే అంకె వేసేస్తాడు. ఆఫీసులో చూస్తే డేటా శుభ్రంగా ఉంటుంది, నిజం మాత్రం మార్కెట్లోనే ఉండిపోతుంది. కాబట్టి గట్టి అడ్డు అసాధ్యమైనవాటికే పెట్టాలి, అంటే ధర మైనస్‌లో ఉండటం, తేదీ రాబోయే నెలది కావడం లాంటివి. మిగతావన్నీ హెచ్చరికలుగా ఉండాలి: "ఖాయమా? కారణం ఎంచుకోండి" అని అడిగి, అంకెను వదిలేయాలి. హెచ్చరికను దాటిన ప్రతి ఎంట్రీ పర్యవేక్షకుడి జాబితాలోకి వెళ్లాలి.

రెండోది కొలతలు. మన పల్లెల్లో కౌలు బస్తాల్లో, భూమి తెలంగాణలో గుంటల్లో, ఆంధ్రలో సెంట్లలో చెబుతారు. ఎకరానికి 40 గుంటలు, 100 సెంట్లు. ఆంధ్రలో ధాన్యం బస్తా అంటే 75 కిలోలు, ఇంకోచోట వేరే బరువు. ఫారంలో కిలోలు, హెక్టార్లు మాత్రమే ఉంటే సర్వే చేసే మనిషి మనసులో లెక్కేసి వేస్తాడు, ఆ తప్పు ఎప్పటికీ బయటపడదు. చెప్పిన అంకె ఒక గడిలో, చెప్పిన కొలత పక్క గడిలో వేయించి, మార్పిడి పట్టిక సర్వర్‌లో జిల్లావారీగా ఉంచాలి. రేపు బస్తా బరువు తప్పని తేలితే పట్టికలో ఒక్క వరస మారిస్తే చాలు.

సర్వే మధ్యలో ప్రశ్నావళి వెర్షన్ మార్చకండి. కొన్ని ట్యాబులు పాత వెర్షన్‌తో, కొన్ని కొత్తదానితో సింక్ అయితే కోడ్ 4 ఒకచోట "అద్దె", మరోచోట "ఇతరం" అవుతుంది. వెర్షన్ నంబరు ప్రతి రికార్డులోనూ ఉండాలి.

ధరల సూచీ దగ్గర సూక్ష్మం ఇంకా ఎక్కువ. సేకరించే మనిషి "బిస్కెట్లు" అని ధర రాసుకోడు. ఫలానా కొట్టు, ఫలానా బ్రాండు, ఫలానా బరువు అని నిర్ణయించుకున్న సరుకునే నెలనెలా అడుగుతాడు. పది రూపాయల ప్యాకెట్ పది రూపాయలే ఉంది, లోపల బరువు 100 గ్రాముల నుంచి 88కి తగ్గింది అనుకోండి. ధర గడి ఒక్కటే ఉంటే పెరుగుదల సున్నా. బరువు గడి కూడా ఉంటే గ్రాము ధర 10 పైసల నుంచి 11.36 పైసలకు, అంటే 13.6 శాతం పెరిగింది. కొట్టు మూతపడితేనో, బ్రాండు ఆగిపోతేనో ప్రత్యామ్నాయం తీసుకుంటారు. అప్పుడు కొత్త సరుకుకు పోయిన నెలలో ఉన్న ధర కూడా అడిగి తీసుకోకపోతే, నాణ్యత తేడా మొత్తం ద్రవ్యోల్బణంగా లెక్కకెక్కుతుంది.

కొట్ల ధరల్ని ఎలా కలపాలన్నది మరో మెలిక. ఒక కొట్లో ధర రెట్టింపైంది, ఇంకోదాంట్లో సగమైంది. నిష్పత్తులు 2, 0.5. మామూలు సగటు 1.25, అంటే 25 శాతం పెరుగుదల. గుణోత్తర సగటు (రెండు నిష్పత్తుల లబ్ధానికి వర్గమూలం) 1, అంటే మార్పు లేదు. వచ్చే నెల ధరలు మళ్లీ పాత స్థాయికే వస్తే మొదటి పద్ధతిలో ఒక నెలను మరో నెలతో గొలుసుగా గుణిస్తే సూచీ 156కి చేరుతుంది, రెండోదాంట్లో 100 దగ్గరే ఉంటుంది. అందుకే వినియోగ ధరల సూచీలో 2012 శ్రేణి నుంచి గుణోత్తర సగటు వాడుతున్నారు. కానీ దానికీ ఒక బలహీనత ఉంది, సున్నాను భరించలేదు. 2023 జనవరి నుంచి ఆహార భద్రత చట్టం కింద రేషన్ బియ్యం ఉచితమయ్యాయి. ధర సున్నా అయితే గుణకారం మొత్తం సున్నా. ఉచిత సరుకును సూచీలోంచి తీసి దాని వెయిటేజీ (సూచీలో దానికిచ్చిన వాటా) ఇతర సరుకులకు పంచడమా, వెయిటేజీ లెక్కించేటప్పుడే జనం జేబులోంచి పెట్టిన ఖర్చు మాత్రమే తీసుకోవడమా అన్నది నిర్ణయించి రాతపూర్వకంగా ప్రకటించాలి. పన్ను డేటా ఎంత ఉన్నా ఈ నిర్ణయం తప్పదు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే విషయం, జీడీపీని స్థిర ధరల్లోకి మార్చడం, అంటే అందులోంచి ధరల మార్పును తీసేయడం. ఒక నూనె మిల్లు తీసుకోండి. మొదటి ఏడాది 100 లక్షల నూనె అమ్మింది, 60 లక్షల వేరుశనగ కొన్నది, జోడించిన విలువ 40. రెండో ఏడాది అంతే వేరుశనగ, అంతే నూనె, నూనె ధరా అంతే. వేరుశనగ ధర మాత్రం 20 శాతం పడింది. కొనుగోలు 48, జోడించిన విలువ 52. నూనె ధర మారలేదు కాబట్టి నూనె ధరతోనే సరిచేస్తే 52 అలాగే ఉంటుంది, "వాస్తవ వృద్ధి 30 శాతం" అని వస్తుంది. మిల్లు ఒక్క డబ్బా కూడా ఎక్కువ తీయలేదు. ఉత్పత్తిని దాని ధరతో, ముడిసరుకును దాని ధరతో విడివిడిగా సరిచేస్తే 100లోంచి 60 పోగా 40, వృద్ధి సున్నా, అదే నిజం. వేరుశనగ ధర 20 శాతం పెరిగితే తప్పు అటువైపు, 30 శాతం క్షీణతగా, పడుతుంది.

2011-12 శ్రేణిలో తయారీ రంగానికి మొదటి పద్ధతే ఉండేది. పైగా అప్పట్లో మనకు ఉత్పత్తిదారుల ధరల సూచీ (తయారీదారుకు అందే ధరల్ని కొలిచేది) లేదు, హోల్‌సేల్ సూచీ వాడారు, అందులో సేవలు అసలే లేవు. 2025 నవంబరులో ఐఎంఎఫ్ భారత జాతీయ ఖాతాలకు సీ గ్రేడు ఇచ్చినప్పుడు ఎత్తిచూపిన లోపాల్లో పాత ఆధార సంవత్సరం, ఉత్పత్తిదారుల ధరల సూచీ లేకపోవడం, ఉత్పత్తి ధర ఒక్కదానితోనే చేసే ఈ ఒంటి సవరణ ఉన్నాయి. 2022-23కి మారిన శ్రేణిలో తయారీకి రెండు వైపులా సరిచేసే పద్ధతి పెట్టారు. దానికి ముడిసరుకుల ధరలు రంగంవారీగా కావాలి, అవి ఏ పన్ను రిటర్నులోనూ ఉండవు. ఇన్‌వాయిస్‌లో విలువ ఉంటుంది, పరిమాణం నమ్మదగ్గట్టు ఉండదు.

సర్వేకు ఊళ్లనూ ఇళ్లనూ ఎంచుకునే నమూనా జాబితా మాట కూడా. చివరి జనగణన 2011ది, తర్వాతిది 2027లో. ఈలోపు తెలంగాణ 10 జిల్లాల నుంచి 33కి, ఆంధ్రప్రదేశ్ 2022 ఏప్రిల్‌లో 13 నుంచి 26కి మారాయి. 2025 జనవరి నుంచి సర్వేల్లో జిల్లాను ప్రాథమిక స్థాయిగా తీసుకుంటున్నందున పాత గ్రామం కోడును కొత్త జిల్లాకు కలిపే పట్టిక తప్పైతే జిల్లా అంచనాలన్నీ తప్పుతాయి. హైదరాబాద్ చుట్టూ 2011లో పల్లెలుగా నమోదై, ఇప్పుడు అపార్ట్‌మెంట్లతో నిండిన ఊళ్లు ఇంకా గ్రామీణ జాబితాలో ఉంటే గ్రామీణ ఖర్చు ఉబ్బి కనిపిస్తుంది. గేటెడ్ కాలనీల్లో వాచ్‌మన్ దగ్గరే ఆగిపోయే ఇంటర్వ్యూలకు బదులు పక్క వీధి ఇల్లు తీసుకుంటే పట్టణ ధనికులే లెక్కలోంచి జారిపోతారు. సంఘం కార్యదర్శికి ముందే అధికారిక లేఖ ఇచ్చి, ఇంటివాళ్లకు వీలైన రాత్రి వేళల్లో మళ్లీ వెళ్లడం తప్ప దీనికి దగ్గరదారి లేదు.

చివరగా ఈ అంకెలు వాడే విద్యార్థులకూ విలేకరులకూ ఒక్క మాట. వినియోగ ధరల సూచీ ఆధార సంవత్సరం 2012 నుంచి 2024కి మారింది, వెయిటేజీలు 2023-24 గృహ వినియోగ సర్వే నుంచి వచ్చాయి. ఆహారం, పానీయాల వెయిటేజీ పాత శ్రేణిలో 45.86, కొత్తదాంట్లో 37కి దగ్గర. అందులో కొంత జనం తిండి మీద పెట్టే వాటా తగ్గడం వల్ల, కొంత హోటల్ భోజనం వేరే విభాగంలోకి వెళ్లడం వల్ల. రెండూ కలిపి "తిండి ఖర్చు ఇంత తగ్గింది" అని రాయకండి. పాత శ్రేణిలోని 190ల అంకెను కొత్త శ్రేణిలోని 100ల అంకెతో నేరుగా పోల్చకండి. రెండు శ్రేణుల్నీ కలపడానికి గణాంక శాఖ ప్రకటించే లింకింగ్ ఫ్యాక్టర్ అనే గుణకంతో కొత్త సూచీని గుణించి, అప్పుడు పాతదానితో పోల్చండి. గ్రామీణ, పట్టణ, ఉమ్మడి సూచీలకు ఆ ఫ్యాక్టర్ వేర్వేరుగా ఉంటుంది, ఒకదానిది ఇంకోదానికి వాడకూడదు.