ఎర్ర ముల్లు ఏ దేశానికి పెట్టాలి?

ప్రశ్న: అన్నా, మాది జగిత్యాల దగ్గర పల్లె. నేను దుబాయ్‌లో పని చేస్తా. అక్క డాలస్‌లో ఉంటుంది, అమ్మా బాపూ ఊళ్ళోనే. మూడు చోట్ల టైం తెలిసే డైవ్ వాచీ కొనాలని ఉంది. లీవుకు వచ్చినప్పుడు బావిలో ఈత కూడా కొడతా. కొనొచ్చా?

జవాబు: కొను తమ్మీ. కానీ కొనేముందు మన అరగంట సంగతి తెలుసుకో. దుకాణంలో ఎవరూ చెప్పరు.

ఇంకో దేశం టైం కూడా చూపే వాచీని జీఎంటీ వాచీ అంటారు. అందులో మామూలు ముళ్ళతో పాటు ఇంకొక ముల్లు ఉంటుంది, చాలావాటిలో ఎర్రది. అది రోజుకు ఒక్కసారే తిరుగుతుంది. చాలా రకాల్లో కీని సగం లాగి తిప్పితే టక్ టక్‌మని గంట గంటకే దూకుతుంది, అరగంట దగ్గర ఆగదు. దుబాయ్‌లో సాయంత్రం 6 అయితే మనకు 7:30. కాబట్టి ఆ ముల్లును ఇండియాకు పెడితే ఎప్పుడూ అరగంట తేడాయే. 1950లలో పాన్ యామ్ పైలట్ల కోసం రోలెక్స్ చేసిన జీఎంటీ మాస్టర్ లాంటి వాచీల్లో 24 గంటల అంకెలు అద్దం చుట్టూ తిరిగే రింగు, అంటే బెజెల్ మీదే ఉంటాయి. కొన్నిటిలో దాన్ని సగం గీత జరిపితే సరిపోతుంది. కానీ నువ్వడిగిన డైవ్ వాచీ బెజెల్ మీద ఉండేవి 60 నిమిషాలు. 24 అంకెలు చాలావాటిలో లోపల డయల్ అంచున ఉంటాయి, కదలవు.

అందుకే నా మాట విను. పెద్ద ముళ్ళు దుబాయ్‌కి, ఎర్ర ముల్లు డాలస్‌కి పెట్టు. ఆ రెంటి మధ్య తేడా నిండు గంటలే: ఎండాకాలం 9, చలికాలం 10. మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం అమెరికా వాళ్ళు గడియారం మారుస్తారు, ఆ రోజు ముల్లును ఒక గంట జరుపుకో. అమ్మవాళ్ళ టైం నోటి లెక్కే: దుబాయ్‌కి గంటన్నర కలుపు. ఇది ఏడాది పొడుగునా మారదు. అమ్మ నిద్రపోయాక ఫోన్ మోగితే ఏమైందోనని ఎంత టెన్షన్ పడుతుందో నీకు తెలుసు కదా, ఆ లెక్క మరవకు.

గంటల ముల్లు దూకే ఫ్లయర్ రకానికి ఎక్కువ డబ్బు పెట్టకు. దాని సుఖం విమానం దిగగానే టైం మార్చుకోవడంలో ఉంది. మన దేశంలో దిగితే నిమిషాలు కూడా జరపాలి, అప్పుడు ఎర్ర ముల్లూ దానితో పాటే కదులుతుంది. ఎర్ర ముల్లు దూకే కాలర్ రకమే నీకు చాలు.

బావిలోకి దిగే ముందు కీ మరతో గట్టిగా బిగించావా లేదా చూసుకో. నీళ్ళలో దాన్ని ముట్టుకోకు. బెజెల్ ఒకే వైపు తిరుగుతుంది, అది ప్రాణానికి సంబంధించిన ఏర్పాటు: పొరపాటున ఏదైనా తగిలి కదిలినా నీళ్ళలో గడిచిన టైం ఎక్కువే చూపిస్తుంది, డైవర్ ముందే పైకి వచ్చేస్తాడు. స్టీలు చైనుకు దుబాయ్ ఎండకు పట్టే చెమట ఉప్పు పడుతుంది, వారానికోసారి మంచినీళ్ళతో మెత్తని బ్రష్ పెట్టి కడుగు.

ప్రశ్న: మా అబ్బాయి వాచీ మీద 200 మీటర్లు అని ఉంది. వేడినీళ్ళ స్నానం చేశాక అద్దం లోపల ఆవిరి పట్టింది. కంపెనీ మోసమా? (హనుమకొండ)

జవాబు: మోసం అనలేమమ్మా. డైవ్ వాచీలకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 6425 ప్రకారం చేసిన డైవ్ వాచీని రాసిన దానికంటే 25 శాతం ఎక్కువ ఒత్తిడిలో పరీక్షిస్తారు, కానీ అది కొత్తగా ఉన్నప్పటి మాట. లోపలి రబ్బరు రింగులు ఏళ్ళు గడిస్తే గట్టిపడతాయి, వేడినీళ్ళు, సబ్బు వాటిని ఇంకా త్వరగా పాడు చేస్తాయి. బియ్యంలో పెట్టొద్దు, ఎండలో ఆరబెట్టొద్దు. ఆవిరి కనబడిందంటే నీళ్ళు లోపలికి వెళ్ళినట్టే, తుప్పు ముందు కీ కడ్డీకి పడుతుంది. ఇవాళే మెకానిక్‌కు ఇచ్చి విప్పించండి. రింగులు మార్చాక ప్రెషర్ టెస్ట్ చేసి ఇమ్మని అడగండి. ఆ మిషన్ లేని చోట ఇవ్వకండి.