ఫ్రీ భోజనం చూసి సంతకం పెట్టకు తమ్ముడూ

అమెరికాలో నీకొచ్చిన రెండు ఉద్యోగాల ఆఫర్లలో మొదటిదాని గురించి చాలా రాశావు. మూడు పూటలా తిండి, టేబుల్ టెన్నిస్ బల్ల, శుక్రవారం బీరు, ఎన్ని కావాలంటే అన్ని సెలవులు. రెండోదాని గురించి 'ఆఫీసు పాతగా ఉంది' అని ఒక్క ముక్క. ఇన్సూరెన్స్ ఎలాంటిది, 401కే అనే రిటైర్మెంట్ పొదుపు ఖాతాలో కంపెనీ ఎంత కలుపుతుంది అని ఇద్దరినీ అడగలేదు. నా టెన్షన్ దాని గురించే.

నేనూ ఇలాగే సన్నీవేల్‌లో ఒక చిన్న స్టార్టప్‌లో చేరాను. అమ్మకి ఫోన్ చేసి 'ఇక్కడ తిండికి లోటు లేదు' అని గొప్పగా చెప్పాను. తీరా చూస్తే రాత్రి భోజనం ఏడున్నరకి వచ్చేది. అది తిన్నాక ఎవరూ ఇంటికి కదిలేవారు కాదు, మళ్ళీ లాప్‌టాప్ తెరిచేవారు. ఆరింటికి బ్యాగు సర్దుకుంటే మేనేజర్ తలెత్తి చూసేవాడు.

అది ఓర్చుకోవచ్చు. డబ్బు దగ్గరే దెబ్బ తిన్నాను. ఇన్సూరెన్స్ కోసం నెలనెలా జీతంలో ఎంత కోస్తారో చూశానే గానీ, డిడక్టిబుల్, అంటే ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలయ్యేలోపు మనం కట్టుకోవాల్సిన మొత్తం, చూడలేదు. జనవరిలో మా ఆవిడకి అపెండిక్స్ ఆపరేషన్ అయింది. మొదటి 6,000 డాలర్లు మా జేబులోంచి కట్టాకే ఇన్సూరెన్స్ వాళ్ళు ఇవ్వడం మొదలుపెట్టారు. నా ఎమ్మెస్ కోసం నాన్నగారు తీసుకున్న లోనుకి ఆ ఏడాది వాయిదాలు ఆయన పెన్షన్‌లోంచే కట్టుకున్నారు. ఆ మాట ఇప్పటికీ ఆయన ఎత్తరు, నేనూ మరిచిపోలేదు.

తరవాత లేఆఫ్ వచ్చింది. కాలిఫోర్నియా చట్టం ప్రకారం, వాడుకోకుండా కూడిన సెలవులు జీతం కిందే లెక్క, ఉద్యోగం పోయినా వాటి డబ్బు ఇవ్వాలి. మామూలు కంపెనీలో చేసే నా స్నేహితుడికి ఆ చెక్కు చేతికొచ్చింది. అన్‌లిమిటెడ్ అన్నచోట సెలవులు కూడవు కాబట్టి సాధారణంగా ఇచ్చేదీ ఉండదు. నాకు రాలేదు. హెచ్1బీ వీసా మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి గడువు గరిష్ఠంగా 60 రోజులే, వివరాలు అమెరికా ఇమ్మిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్ సైట్‌లో చూసుకో. ఆ రోజుల్లో అద్దె కట్టడానికి ఆ చెక్కు ఎంత అక్కరకొచ్చేదో!

పెద్ద కంపెనీ అయితే భయం లేదనుకోకు. భోజనాలకి పేరుపడ్డ గూగుల్ 2023 జనవరిలో 12,000 మందిని తీసేస్తున్నట్టు ప్రకటించింది. మెటా 2022లో ఫ్రీ లాండ్రీ ఎత్తేసి, రాత్రి భోజనం ఆరు నుంచి ఆరున్నరకి జరిపింది. ఇలాంటివి వాళ్ళు ఎప్పుడైనా తీసేయగలరు.

నేను వేసే లెక్క చెబుతాను. మధ్యాహ్నం భోజనం 20 డాలర్లు అనుకో. నెలకి 20 రోజులకి 400, ఏడాదికి 4,800. లక్షా ఇరవై వేల జీతం మీద కంపెనీ 401కేలో నాలుగు శాతం కలిపినా సరిగ్గా అంతే, పైగా అది నీ పేరు మీద పెరుగుతుంది. ఇంట్లో పప్పూ అన్నం వండుకుంటే 20 డాలర్లు ఎక్కడవుతాయి? మీ వయసువాళ్ళకి ఇది చాదస్తంగా ఉంటుంది, నాకు తెలుసు. కానీ ఫ్రీమాంట్‌లో మా ఇల్లు, పిల్లల కాలేజీ డబ్బు ఇలా లెక్కలు వేసుకునే సమకూర్చుకున్నాం. అదీ ఆ తరవాత చేరిన పాత కార్పెట్ల ఆఫీసు జీతంతో.

ఇంటర్వ్యూ చివర 'ఏమైనా అడుగుతారా' అంటారు కదా, అప్పుడు మొహమాటపడకు. మీ టీమ్‌లో చివరిసారి ఇండియా వెళ్ళినవాళ్ళు ఎన్ని వారాలు ఉండి వచ్చారు, వాళ్ళ పని ఎవరు చూశారు అని అడుగు. రాత్రిపూట ఆన్‌కాల్, అంటే ఏదైనా చెడితే లేచి చూడాల్సిన వంతు, ఎన్నాళ్ళకోసారి వస్తుందో అడుగు. 'మాకు సెలవులు అన్‌లిమిటెడ్' అని నవ్వి ఊరుకుంటే అక్కడ ఎవరూ వాడుకోవడం లేదనే అనుకో. గ్రీన్‌కార్డ్‌కి కంపెనీ వేసే మొదటి దరఖాస్తు పెర్మ్ ఎప్పుడు మొదలుపెడతారో మెయిల్‌లో రాయించుకో, నోటి మాట నమ్మకు.

రెండు కంపెనీల బెనిఫిట్స్ కాగితాలూ తెప్పించుకుని ఆదివారం ఫోన్ చెయ్యి. డిడక్టిబుల్ ఎక్కడ రాస్తారో చూపిస్తాను. అప్పటిదాకా ఎవరికీ ఒప్పుకోకు.