సంతకాలయ్యాక డీలరు మళ్లీ డబ్బు అడిగితే అత్యవసర నిధి జోలికి వెళ్లకండి

ప్రశ్న: ఇటీవల మేము కొత్త కారు కొన్నాము. ధరలో 20 శాతం డౌన్ పేమెంట్ కట్టాము. ఎక్స్చేంజి కింద ఇచ్చిన పాత కారు విలువ కూడా అందులోనే ఉంది. మిగిలిన 80 శాతానికి 9 శాతం వడ్డీతో అయిదేళ్ల రుణాన్ని డీలరే ఏర్పాటు చేశారు. కాగితాలన్నింటి మీదా సంతకాలు పెట్టి కారును ఇంటికి తెచ్చుకున్న ఎనిమిదో రోజున షోరూం నుంచి ఫోను వచ్చింది. ఆ షరతులపై రుణం మంజూరు కాలేదని, రెండు రోజుల్లో ధరలో మరో 10 శాతం కట్టాలని, లేకపోతే 12 శాతం వడ్డీతో ఏడేళ్ల కాలానికి కొత్త కాగితాల మీద సంతకాలు చేయాలని అంటున్నారు. రెండో పద్ధతిలో నెల వాయిదా తగ్గుతుందని కూడా చెప్పారు. వాళ్లు అడిగే 10 శాతం మా ఇంటి మూడు నెలల ఖర్చుతో సమానం. నాలుగు నెలల ఖర్చుకు సరిపడే అత్యవసర నిధి మా దగ్గర ఉంది. దాన్ని తీసి కట్టమంటారా, వ్యక్తిగత రుణమో క్రెడిట్ కార్డో వాడమంటారా, కొత్త కాగితాలకు ఒప్పుకోమంటారా?

జవాబు: మూడింటిలో ఏది మేలని మీరు అడిగారు. ఇప్పటికైతే మూడూ వద్దు. వాటికంటే ముందు వేసుకోవలసిన ప్రశ్న ఒకటి ఉంది: ఈ డబ్బు మీరు నిజంగా బాకీ ఉన్నారా? మీ ఉత్తరంలో ఆ ప్రశ్న ఎక్కడా కనిపించలేదు. దీనికి జవాబు రాయాలని నేను అనుకోవడానికి కారణం కూడా అదే. షోరూం నుంచి వచ్చిన ఫోనును కరెంటు బిల్లులా భావించి, కట్టాలా వద్దా అన్నది తేల్చుకోకుండానే ఎక్కడినుంచి తెచ్చి కట్టాలా అని ఇల్లంతా వెతుక్కునే వారు చాలామంది ఉన్నారు. కారు అప్పటికే ఇంటి ముందు నిలబడి ఉంటుంది, చుట్టుపక్కల వాళ్లు చూసే ఉంటారు, తిరిగి ఇచ్చేయవలసి వస్తుందేమో అన్న బిడియం లెక్కలను పక్కకు నెట్టేస్తుంది. రెండు రోజుల గడువు పెట్టినవారికి ఈ సంగతి మనకంటే బాగా తెలుసు.

డీలరు సంగతికి తరువాత వస్తాను. ముందు మీ నిధి గురించి చెప్పాలి, ఎందుకంటే మీరు దాన్ని నాలుగు నెలల నిధి అంటున్నారు గానీ అది ఇప్పుడు నాలుగు నెలల నిధి కాదు. మీరిచ్చిన అంకెలనే తీసుకుందాం. ధరలో 10 శాతం మూడు నెలల ఇంటి ఖర్చు అయితే, 80 శాతం రుణం 24 నెలల ఖర్చు అవుతుంది. 9 శాతం వడ్డీతో 60 వాయిదాలుగా తీరిస్తే నెలనెలా కట్టవలసింది దాదాపు అర నెల ఇంటి ఖర్చు. అంటే జీతం ఆగిపోయిన నాడు మీ కుటుంబానికి ఒక నెల గడవాలంటే ఇదివరకటి ఖర్చుకు ఒకటిన్నర రెట్లు కావాలి, ఉద్యోగం పోయిందని వాయిదా ఆగదు కదా. ఆ లెక్కన కారు ఇంటికి వచ్చిన రోజునే మీ నాలుగు నెలల నిధి రెండు నెలల మూడు వారాలకు కుంచించుకుపోయింది. కారు బీమా, సర్వీసింగు, ఇంధనం ఇందులో కలపనే లేదు.

ఇప్పుడు ఆ నిధిలోంచి మూడు నెలల సొమ్ము తీసి డీలరు చేతిలో పెట్టారనుకోండి. రుణం ఆ మేరకు తగ్గి వాయిదా కొద్దిగా దిగుతుంది, నిజమే. కానీ మిగిలిన ఒక నెల సొమ్ముతో ఇంటి ఖర్చూ వాయిదా కలిపి నెట్టుకురాగలిగేది సుమారు మూడు వారాలు. ఇంట్లో ఎవరికైనా ఆసుపత్రి అవసరం వచ్చినా, కంపెనీ జీతాలను నెల ఆలస్యం చేసినా నాలుగో వారంలో మీరు అప్పుకు వెళ్లక తప్పదు, అదీ అడిగినంత వడ్డీకి. కారుకు కట్టిన డబ్బును ఆ రోజున వెనక్కి తీసుకోవడానికి వీలుండదు. కారు అమ్మితే వచ్చేది ముందు రుణం ఇచ్చినవారికి పోతుంది, మొదటి సంవత్సరంలో కొత్త కారు విలువ బాగా పడిపోతుంది కాబట్టి చేతికి మిగిలేది చాలా తక్కువ ఉండవచ్చు, అసలు ఏమీ ఉండకపోవచ్చు కూడా. అత్యవసర నిధి ఉన్నది జీతం ఆగినప్పుడు, ఒంట్లో బాగోలేనప్పుడు వాడుకోవడానికి. డీలరుకు రుణం కుదరకపోవడం ఆయన అత్యవసరమే తప్ప మీది కాదు.

ఇక వాయిదా తగ్గుతుందన్న మాట. అది అబద్ధం కాదు, అందుకే అంత సులభంగా పని చేస్తుంది. తీసుకున్న అప్పులో ప్రతి 1,000కి 9 శాతం చొప్పున 60 నెలలకు వాయిదా సుమారు 20.76, మొత్తం వడ్డీ సుమారు 245. అదే 1,000కి 12 శాతం చొప్పున 84 నెలలకు వాయిదా సుమారు 17.65కు దిగుతుంది, వడ్డీ మాత్రం 483కు చేరుతుంది. నెలకు మూడు చొప్పున తగ్గినట్టు కనిపిస్తూ వడ్డీ దాదాపు రెట్టింపయింది. మీరు ఒప్పుకున్న అయిదేళ్లు గడిచాక ఇంకా 24 వాయిదాలు మిగిలి ఉంటాయి, అప్పటికి టైర్లూ బ్యాటరీ మార్చవలసిన కాలం కూడా వచ్చి ఉంటుంది. వాయిదా ఎంత అన్న ఒక్క అంకె చూసి సంతకం చేసేవారికి కాలపరిమితిని సాగదీసి ఎంత ఖరీదైన రుణాన్నైనా అంటగట్టవచ్చు.

వ్యక్తిగత రుణం, క్రెడిట్ కార్డు గురించి రెండు ముక్కలు చాలు. కార్డు మీద నెలకు 3 శాతం వడ్డీ పడితే, చక్రవడ్డీతో అది ఏడాదికి 42 శాతం దాటుతుంది. కారు రుణం తీసుకున్న వారంలోనే ఆ కారు కోసం రెండో అప్పు చేయడమంటే గోరుచుట్టు మీద రోకటిపోటును చేజేతులా కొని తెచ్చుకోవడమే. మీకు ఆ ఆలోచన వచ్చిందన్న సంగతే నాకు అన్నింటికంటే ఎక్కువ ఆందోళన కలిగించింది. అందులో మళ్లీ కొత్త రుణం మీ రికార్డులో చేరితే, అసలు కారు రుణం అర్హతే దెబ్బతినవచ్చు.

ఇప్పుడు డీలరు దగ్గరకు వద్దాం. ఫోనులో చెప్పిన మాటకు ఫోనులో జవాబు ఇవ్వవద్దు. ఎంత అడుగుతున్నారు, ఎందుకు అడుగుతున్నారు, ఒప్పందంలోని ఏ నిబంధన ప్రకారం అడుగుతున్నారు అన్న మూడింటినీ రాతపూర్వకంగా పంపమని ఈమెయిల్ చేయండి. చాలా సందర్భాల్లో ఈ ఒక్క అడుగుతోనే స్వరం మారుతుంది, ఎందుకంటే నోటితో సులభంగా అనగలిగిన మాటను సంతకం పెట్టి కాగితం మీద చెప్పడానికి చాలామంది ఇష్టపడరు. ఆ జవాబు వచ్చేలోగా మీ దగ్గరున్న కాగితాలను వరుసగా చదవండి. ధర, డౌన్ పేమెంట్ రాసిన కొనుగోలు ఒప్పందం, పాత కారు విలువ కట్టిన కాగితం, వడ్డీ, కాలపరిమితి ఉన్న రుణ ఒప్పందం, మీరు కట్టిన సొమ్ముకు రసీదులు మీ చేతిలో ఉండాలి. వీటిలో మీరు వెతకవలసిన వాక్యం ఒక్కటే. రుణం మంజూరైతేనే ఈ అమ్మకం ఖరారవుతుందని, లేదా ఫలానా రోజుల్లోపు డీలరు దీన్ని రద్దు చేయవచ్చని ఎక్కడైనా ఉందా? విడిగా జత చేసిన చిన్న కాగితంలో, సన్నని అక్షరాలలో ఉండే అలవాటు దానికి ఉంది.

అటువంటి షరతు లేకపోతే మీరు సంతకం చేసినట్టే డీలరూ సంతకం చేశారు, ఆ ఒప్పందం ఇద్దరినీ కట్టి ఉంచుతుంది. తన లెక్కలో పొరపాటు జరిగిందనో, పాత కారుకు ఎక్కువ విలువ కట్టామనో ఇప్పుడు అడగడం వారి కోరిక మాత్రమే. షరతు ఉంటే దానిలో గడువు ఎప్పటివరకు ఉందో, సమాచారం ఏ విధంగా ఇవ్వాలని రాశారో చూడండి. గడువు దాటిన తరువాత ఫోను వస్తే ఆ విషయమే వారికి రాయండి. మీ ఆదాయం గురించి మీరిచ్చిన వివరాల్లో తప్పు ఉంటే మాత్రం పరిస్థితి వేరు, దాన్ని దాచకుండా ముందే సరిచేసుకోండి.

అదే రోజు రుణం ఇచ్చే సంస్థకు మీరే నేరుగా ఫోను చేయండి. మీ దరఖాస్తు మంజూరైందా, ఏ వడ్డీకి, ఎంత డౌన్ పేమెంట్‌తో అన్నది అక్కడే తేలుతుంది. మంజూరు కాలేదన్న మాట మీకు ఇంతవరకు డీలరు నోట తప్ప ఇంకెక్కడా వినబడలేదని గుర్తుంచుకోండి. సంస్థ డీలరుకు చెప్పే వడ్డీకీ, కొనుగోలుదారు సంతకం చేసే వడ్డీకీ మధ్య ఉన్న తేడాలో డీలరుకు వాటా దక్కే ఏర్పాట్లు ఉంటాయి. 9 శాతం 12 అయితే ఎవరికి లాభమో అప్పుడు మీకే అర్థమవుతుంది. అమెరికాలో ఈ తంతుకు యో-యో ఫైనాన్సింగ్ అన్న పేరు స్థిరపడిపోయింది: దారం కట్టిన బొమ్మను వదిలి మళ్లీ చేతిలోకి లాక్కున్నట్టు, కారును ఇంటికి పంపి కొనుగోలుదారును వెనక్కి రప్పించడం. మూడు రోజుల్లో ఏ కొనుగోలునైనా రద్దు చేసుకోవచ్చన్న నమ్మకం కూడా అక్కడ బాగా ప్రచారంలో ఉంది గానీ, అక్కడి ఫెడరల్ నియమం డీలరు షోరూంలో కొన్న వాహనానికి వర్తించదు. మీరు ఉన్నచోట చట్టం ఏమంటుందో వినియోగదారుల ఫిర్యాదుల విభాగాన్ని గానీ న్యాయవాదిని గానీ అడగండి. ఈ డబ్బుతో పోలిస్తే ఆ ఫీజు చిన్నదే.

షరతు నిజంగానే ఉండి, రుణం నిజంగానే మంజూరు కాలేదని సంస్థ చెబితే, కారు తిరిగి ఇచ్చేయడం అవమానమేమీ కాదు. చాలా సందర్భాల్లో అదే మంచి దారి. అయితే డౌన్ పేమెంట్ మొత్తం, పాత కారు రెండూ వెనక్కి వస్తాయని రాతపూర్వకంగా తీసుకోకుండా తాళాలు ఇవ్వవద్దు. పాత కారును అప్పుడే అమ్మేశామంటే, ఒప్పందంలో దానికి కట్టిన విలువను పూర్తిగా అడగండి. కారు మీ దగ్గర ఉన్నన్నాళ్లూ వీలైనంత తక్కువ నడపండి, తిరిగిన దూరానికి డబ్బు పట్టుకుంటామన్న మాట రావచ్చు. షరతు వారి పక్షాన ఉన్నప్పుడు కారును దాచిపెట్టి మొండికేయడం కూడా మంచిది కాదు, అది మిమ్మల్నే తప్పు చేసినవారిగా నిలబెడుతుంది.

కారు ఉంచుకోవాలనే ఉంటే మీ సొంత బ్యాంకులోనో మరో సంస్థలోనో రుణం అడిగి చూడండి. ధర తక్కువ ఉన్న మోడల్‌కు మారడం ఇంకో దారి. ఈ వివాదం తేలేవరకు బీమా పాలసీ మీ పేరున అమలులో ఉందో లేదో ఈ రోజే చూసుకోండి. చివరికి కొత్త కాగితాల మీద సంతకం చేయక తప్పని పరిస్థితి వచ్చినా, వాటి మీద ఆ రోజు తేదీయే ఉండాలి. పాత తేదీ వేస్తే మీరు ఒప్పుకోని వడ్డీ ఒప్పుకోని రోజులకు కూడా లెక్కలోకి వస్తుంది. పాత ఒప్పందం రద్దయిందని రాసిన కాగితం చేతికి వచ్చాకే కలం తీయండి.

రేపు ఉదయం చేయవలసిన పనులు రెండే: డీలరుకు ఈమెయిల్, రుణ సంస్థకు ఫోను. నిధి ఉన్న ఖాతాను తెరిచి కూడా చూడనవసరం లేదు. ఈ వ్యవహారం తేలాక, కారు మీ దగ్గరే ఉండిపోతే, వాయిదాను కూడా కలుపుకొని ఆరు నెలల ఖర్చు ఎంతవుతుందో కొత్తగా లెక్క వేయండి. ఇదివరకటి ఇంటి ఖర్చుతో చూస్తే అది తొమ్మిది నెలల సొమ్ము, మీ దగ్గర ఉన్నది నాలుగు నెలలది. మిగిలిన అయిదు నెలల సొమ్ము కూడేవరకు కారుకు సీటు కవర్లు, మ్యూజిక్ సిస్టం వంటివేవీ కొనవద్దు.